అరవై మూడో అట్ట

జూన్ పద్నాలుగు, శనివారం, ఉదయం పదకొండు గంటల పది నిమిషాలు. హిందూపురంలో మా ఇంటి ముందుగదిలో చెదలు పట్టిన పుస్తకాల బీరువాను అర తరువాత అరగా ఖాళీ చేస్తున్నాను. కింది అరలో గోడకు ఆనుకొని ఉన్న ఒక పాత నవల చేతిలోంచి జారి నేలమీద పడి, నూట పద్దెనిమిదో పేజీ దగ్గర తెరుచుకుంది. పైఅట్ట లేదు, పేరున్న పేజీ కూడా లేదు. కానీ ఆ పేజీలో మరొక అట్ట ఉంది. జానెడు పొడవు, మూడువేళ్ళ వెడల్పు, ఒంటినిండా గుండ్రని చిల్లులు. ఒక మూలన నీలం పెన్సిలుతో అరవై మూడు అని అంకె. ధర్మవరంలో పుట్టిపెరిగినవారెవరికైనా అదేమిటో చెప్పనక్కరలేదు. మిగిలినవారికి చెబుతాను. మగ్గం మీద ఉండే జకార్డు అనే యంత్రానికి చీర మీద ఏ పువ్వు, ఏ పక్షి రావాలో చెప్పేవి ఈ అట్టలు. ఒక్కొక్క అట్ట బొమ్మలో ఒక్కొక్క వరుస. వాటిని అంకెల ప్రకారం దారంతో దండలా కుట్టి మగ్గానికి తగిలిస్తారు. నా చేతిలో ఉన్నది హంస బొమ్మకు చెందిన తొంభై ఆరు అట్టలలో అరవై మూడవది. హంస కన్ను మొత్తం ఆ ఒక్క అట్టలోనే ఉంటుంది.

అది ఎలా నా పుస్తకంలోకి వచ్చిందో నాకు తెలుసు. పుస్తకం ఎక్కడుందో మరిచిపోయాను గాని, అట్టను ఒక్కనాడూ మరువలేదు.

నేను లెక్కలు చెప్పే టీచరును. వయసు యాభై నాలుగు. చదివిన ప్రతి నవలకూ ఒక వరుస సంఖ్య, ముగించిన తేదీ, చదివిన చోటు రాసుకునే నోటుబుక్కు నాకొకటి ఉంది. నేటికి దానిలో వెయ్యిన్ని తొమ్మిది వందల పన్నెండు వరుసలు నిండాయి. ఇంటికి వచ్చినవారు దాన్ని తిరగేసి, ఎంత క్రమశిక్షణ అని మెచ్చుకుంటారు. మొదటి ముప్పై ఏడు వరుసలకు తేదీలు లేవని, ముప్పై ఎనిమిదో వరుసలో పుస్తకం పేరు ఉండి తేదీ ఖాళీగా ఉందని, ముప్పై తొమ్మిది నుంచి మాత్రమే అన్నీ సక్రమంగా ఉన్నాయని ఇంతవరకు ఎవరూ గమనించలేదు. ఆ ముప్పై ఎనిమిదో వరుస తరువాతే నేను తేదీలు రాసుకునే మనిషినయ్యాను. పుట్టుకతో వచ్చిన గుణం కాదు. ఒకసారి లెక్క చూడక చేసిన పనికి నేను నాకు వేసుకున్న శిక్ష.

మాది పెనుకొండ. నాకు పదమూడేళ్ళప్పుడు అమ్మ చాలాకాలం మంచం పట్టింది. నాయన నన్ను ధర్మవరంలో పెద్దమ్మ ఇంట్లో ఉంచి బడిలో చేర్పించాడు. పెద్దమ్మ భర్త ఈశ్వరప్ప పెదనాయన పట్టుచీరలు నేసేవాడు. ఆ ఇంట్లో మూడు గదులుంటే పెద్దగది మగ్గానిది, మిగిలిన రెండూ మనుషులవి: పెద్దమ్మ, పెదనాయన, నాకంటే నాలుగేళ్ళు పెద్దదైన వాళ్ళ కూతురు లక్ష్మీదేవక్క, నేను. నేలలో తవ్విన గుంతలో కాళ్ళు పెట్టుకొని పెదనాయన కూర్చునేవాడు. ఉడకబెట్టిన పట్టు వాసన, గంజి వాసన, వంటింట్లోంచి వచ్చే వేయించిన శనగవిత్తనాల వాసన, ఈ మూడూ కలిసిన గాలి ఆ ఇంటిది. ఇప్పటికీ ఏ పెళ్ళిలోనైనా కొత్త పట్టుచీర నా పక్కన కూర్చుంటే నాకు ముందుగా ఆకలి వేస్తుంది.

ఇంట్లో ఊరికే కూర్చొని తినే మనిషి లేరు. నా వంతు పని కండెలు చుట్టడం. నేతలో అడ్డంగా పోయే దారాన్ని రాట్నం మీద చిన్న చిన్న కండెలకు ఎక్కించాలి. బడి నుంచి వచ్చాక రోజుకు ఇరవై కండెలు. అవి పూర్తయ్యాకే పుస్తకం ముట్టుకోవాలని పెద్దమ్మ కట్టడి. పక్కింట్లో ఒక టీచరమ్మ ఉండేది. చదివిన నవల తిరిగి ఇచ్చి, కథ ఏమిటో చెబితే మరొకటి ఇచ్చేది. పెద్దమ్మ ఆమెతో ముందే చెప్పిపెట్టింది: “నేను వద్దన్న్యానంటే ఆ పొద్దుకు ఇంగ ఈయొద్దు టీచరమ్మా. ఈ పాపకు పుస్తకం సూస్తే కూడూ నీళ్ళూ గుర్తుండవు.”

ఆ మాట నిజమే. ఒక చేతిలో బొరుగులు నానబెట్టి తాలింపు వేసిన ఉగ్గాని గిన్నె, మరొక చేతిలో నవల, మోచేతి కింద మిరపకాయ బజ్జీ. ఆ వయసులో నాకు తెలిసిన స్వర్గం అదే. బజ్జీ నూనె అంటిన పేజీలను టీచరమ్మకు కనబడకుండా మధ్యలోకి నొక్కి ఇచ్చేదాన్ని. నవలలో నాకు కావలసింది తరువాత ఏమయింది అన్నది ఒక్కటే. వాన, తోట, ఇల్లు, వంట, ఎవరి ముఖం ఎలా ఉంది అన్న పేరాలు వస్తే కళ్ళతోనే దాటేసి మాటలు మొదలైన చోటికి దూకేదాన్ని.

దాటనివ్వనివాడు పెదనాయన. ఆయనకు అంకెలు తప్ప అక్షరాలు రావు. నా కండెలు అయిపోయాక మగ్గం పక్కన గోడకు ఆనుకొని నేను గట్టిగా చదవాలి, ఆయన నేస్తూ వినాలి. అట్టలు పైన టకటకమని తిరిగే చప్పుడుకు నా గొంతు ఆగి ఆగి నడిచేది. దారాన్ని బిగించే పలక లాగిన దెబ్బకు దెబ్బకు మధ్య ఒక్కొక్క ముక్క చదవడం అలవాటైంది.

“ఆగమ్మా. వాన ఎట్ల వచ్చెనో అది ఇంగోసారి సదువు.”

“ముందుకు పోదాం పెదనాయనా. ఆమె జాబు సూసుకునెనో లేదో తెలియల్ల కదా.”

“తెలుస్తాదిలే. జాబు యాడికి పోతాది? వానైతే నిలిచిపోతాది. సదువు.”

మళ్ళీ చదివేదాన్ని. ఆయన మగ్గం ఆపి, కళ్ళు మూసుకొని, ఎన్నో ఏళ్ళుగా వాన చూడనివాడిలా వినేవాడు. మా సీమలో అది పూర్తిగా అబద్ధమూ కాదు.

ఆ రోజు తేదీ నా దగ్గర లేదు. ఇంత రాసుకున్నదాన్ని, కావలసిన ఆ ఒక్క తేదీ లేదు. ఆదివారం అని మాత్రం గుర్తు, మధ్యాహ్నం సంగటి తిన్న తరువాత. హంస అట్టల దండను ఎలుకలు కొరికాయి. అట్టలకు ఏమీ కాలేదు, కుట్టుదారం తెగింది. పెదనాయన దాన్ని పూర్తిగా విప్పి, చాప మీద అట్టలను పదేసి చొప్పున పేర్చి పెట్టుకున్నాడు. నేను పక్కన కూర్చొని చదువుతున్నాను. కండెలు పదకొండే అయ్యాయి, ఇంకా తొమ్మిది ఉన్నాయి. పెద్దమ్మ వక్కాకు కోసం అంగడికి పోయిందన్న ధైర్యం. నవలలో ఒకామె తన ఇల్లు వదిలి బండెక్కడానికి గడప దాకా వచ్చి నిలబడింది. వెళుతుందా, ఉంటుందా? పెదనాయన దారం తేవడానికి లోపలికి వెళ్ళాడు. అంతలో వాకిట్లో పెద్దమ్మ గొంతు వినబడింది. నా చేతికి దగ్గరగా ఉన్నదేదో పేజీలో పెట్టి, పుస్తకం మూసి, బొరుగుల మూట వెనక్కి తోసి, రాట్నం దగ్గరికి దూకాను.

పెద్దమ్మ లోపలికి వచ్చి కండెలు లెక్కపెట్టింది. “పదకొండేనా? ఏం మ్మే, పొద్దున్నుంచి దోమలు తోల్తాంటివా?”

దారంతో వచ్చిన పెదనాయన నన్ను కాచాడు. “నేనే పిలిస్తినిలే. అట్టలు అందిచ్చేకి మనిషి కావల్ల. విమలా, నువ్వు అంకె చెప్పి అందియ్యి, నేను కుడతా. లెక్కల్లో నువ్వు గట్టిదానివి.”

ఆయన చూపు సూది మీద, నా మనసు బొరుగుల మూట వెనుక. నేను అట్ట మీది అంకె చూడనేలేదు. నోటికి వచ్చిన ఎక్కం అప్పజెప్పినట్టు ఒకటి, రెండు, మూడు అంటూ అందించాను. చివరి అట్ట ఇచ్చేసరికి నా నోరు తొంభై ఐదు అంది. అట్ట మీద తొంభై ఆరు అని ఉంది. చూశాను. మధ్యలో ఎక్కడో నేనే ఒక అంకె రెండుసార్లు అనుంటానని సర్దుకున్నాను.

“తొంభై ఆరూ అయినాయా పాపా?”

“అయినాయి పెదనాయనా.”

నా జీవితంలో సరిచూడకుండా చెప్పిన ఆఖరి లెక్క అది.

నేసేటప్పుడు చీర ముఖం కిందికి ఉంటుంది. నేసేవాడికి కనబడేది వెనుకవైపు దారాల చిక్కే. బొమ్మ సరిగా వస్తున్నదో లేదో తెలియాలంటే కింద చేతి అద్దం పెట్టి చూసుకోవాలి. కొత్త డిజైను అయితే పెదనాయన జానెడుకొకసారి చూసేవాడు. ఈ హంసలను ఆయన అప్పటికే ఎన్నో చీరల మీద నడిపించాడు. పైగా అట్టలు చూసి ఇచ్చింది నేను. అద్దం తీయలేదు.

పట్టూ జరీ ఇచ్చి నేయించుకునే షావుకారు చీర తీసుకొనిపోవడానికి తానే వచ్చాడు. నేను రాట్నం దగ్గర ఉన్నాను. ఆయన చాప మీద చీర పరిచి, అంచు వెంబడి వేలు నడిపి, ఆగాడు.

“ఈశ్వరప్పా, ఇట్ల రా. ఈ హంసలు యాడికి సూస్తాండాయి?”

“యాడికి సూస్తాయప్పా, ముందుకే.”

“కండ్లుంటే కదా సూసేకి!”

పెదనాయన వంగి చూశాడు. అంచు పొడవునా హంసలు ముక్కులెత్తి, మెడలు వంచి, బారులు తీరి నడుస్తున్నాయి. ఒక్కదానికీ కన్ను లేదు.

“పెండ్లికూతురికి గుడ్డి పక్షులు కట్టిస్తామా?” అన్నాడు షావుకారు. అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. “నీ వయసులో మా నాయనకూ ఇట్లే ఆయె. కండ్లు తగ్గినాయప్పా నీకు. అట్టలు తీసిపెట్టు. ఇంగ సాదా అంచు చీరలు నెయ్యి. వాటికి ఏమీ సూడే పని ఉండదు.”

అట్టల్లో ఏదైనా తేడా ఉందేమోనని పెదనాయన ఒక్క మాటైనా అనలేదు. అట్టలు నేను లెక్కపెట్టినవి. తన కళ్ళనైనా అనుమానించాడు గాని నా లెక్కను అనుమానించలేదు. ఆ సాయంత్రమే అట్టల దండ చుట్టి అటక మీద పెట్టేశాడు.

పెద్దమ్మ కాపలాకు భయపడి అన్నాళ్ళూ దాని జోలికి పోనిదాన్ని, మూడు రోజుల తరువాత బొరుగుల మూట వెనుక నుంచి పుస్తకం తీశాను. అరవై మూడు. కిటికీ వెలుగుకు ఎత్తిపట్టి చూస్తే ఆ చిల్లులలోంచి వెలుతురు నా చేతి మీద పడింది. పరుగెత్తి చెప్పాలి. గుమ్మం దాకా వెళ్ళాను. చెబితే కండెలు ఎగ్గొట్టి చదివిన సంగతి చెప్పాలి. చెబితే పెద్దమ్మ పక్కింటికి వెళుతుంది, టీచరమ్మ తలుపు మూసుకుంటుంది, ఇక పుస్తకాలు రావు. ఒక మనిషి కళ్ళను ఒక పక్క, రాబోయే నవలలను మరొక పక్క పెట్టి తూచాను. పుస్తకం మూసి నా పెట్టె అడుగున పెట్టాను. టీచరమ్మతో పోగొట్టుకున్నానని చెప్పాను. ఆ మంచిమనిషి మరొకటి ఇచ్చింది.

ఇక్కడితో ముగిస్తే నా తప్పులో సగమే చెప్పినట్టు. సాదా చీర నేతలో అట్టల టకటక లేదు. గదిలో పలక చప్పుడు తప్ప మరొకటి లేదు. మొదటి వారమే పెదనాయన అన్నాడు: “ఇదీ ఒకందుకు మేలే పాపా. జకార్డు రొద లేదు. నీ గొంతు బాగా ఇనపడ్తాది. సదువు.” నన్ను ఓదార్చడానికి కాదు, తనను తాను ఓదార్చుకోవడానికి. నాకు ఆ సంగతి తెలుసు. తెలిసీ చదివాను. నా జీవితంలో అంత హాయిగా ఎన్నడూ చదవలేదు. నోటుబుక్కులో ముప్పై తొమ్మిది నుంచి నూట నాలుగు దాకా, అరవై ఆరు నవలలు, ఆ నిశ్శబ్దంలో చదివినవి. వాన వచ్చిన చోటల్లా రెండుసార్లు. దాటవేయకుండా చదవడం నాకు ఆ గదిలోనే వచ్చింది. ఈనాడు నేను మంచి పాఠకురాలినని ఎవరైనా అంటే, ఆ మంచితనం ఎవరి పనిని తిని పెరిగిందో నాకు గుర్తుకు వస్తుంది.

అప్పుడప్పుడు ఆయన అడిగేవాడు. “ఆ గడప కాడ నిలబడిన ఆమె ఏమాయె పాపా? పోయెనా, నిల్చెనా?”

“ఆ పుస్తకం పోయె పెదనాయనా.”

“పోనీలే. యాడో ఒకచోట ఉంటాది.”

అమ్మ కోలుకున్నాక నేను పెనుకొండకు తిరిగి వచ్చేశాను. ఒక వేసవిలో పెదనాయన మా ఇంటికి వచ్చాడు. బజారులో కొన్న కళ్ళజోడు పెట్టుకున్నాడు, దానితో తలనొప్పి అని నొసటి మీదికి తోసేశాడు. వసారాలో కూర్చొని మజ్జిగ తాగుతూ ఎదురుగా కొండ వైపు చూపించాడు. “కోటగోడ కాడ ఆ తెల్ల మేక కుంటుతాండాది, సూడప్పా.” మా నాయన కళ్ళు చిట్లించి చూసి, “నాకు మేకే కనపల్లేదన్నా, నీకు దాని కాలు కూడా కనపడెనా!” అని నవ్వాడు. అందరూ నవ్వారు. నేను మజ్జిగ గ్లాసులు తీసుకొని లోపలికి వెళ్ళిపోయాను. చెప్పడానికి అంతకంటే మంచి తరుణం మరొకటి ఉండదు. ఆ తరుణాన్ని కూడా గ్లాసులు కడుగుతూ గడిపేశాను.

ఆయన మరి పంతొమ్మిదేళ్ళు సాదా చీరలే నేశాడు. పోయి పదకొండేళ్ళయింది.

అట్ట దొరికిన మరుసటి శనివారం, దాన్ని పుస్తకంలోనే ఉంచి, హిందూపురంలో ధర్మవరం వెళ్ళే రైలెక్కాను. పెనుకొండలో బండి ఆగినప్పుడు సంచి భుజాన వేసుకొని తలుపు దాకా వచ్చిన మాట కూడా రాయాలి. ఇక్కడ దిగి, పరిచయస్థులను పలకరించి, సాయంత్రం వెనక్కి పోవచ్చు, ఎవరికీ తెలియదు. బండి కదిలింది. దిగకపోవడం ధైర్యం కాదు, ఆలస్యం.

పెదనాయన కూతురు లక్ష్మీదేవక్కకు ఇప్పుడు యాభై ఎనిమిది. అదే వీధిలో ఉంటుంది. వాళ్ళబ్బాయి మగ్గానికి కంప్యూటరు పెట్టె తగిలించాడు. అట్టలు లేవు. బొమ్మంతా వేలెడు పెన్‌డ్రైవులో ఉంటుందట, ఎలుకలు కొరకవు, ఎవరూ పేజీలో పెట్టుకోలేరు. రాట్నం పోయి మోటారు వచ్చింది. అక్క దాని దగ్గర కూర్చొని కండెలు చుడుతోంది.

“ఏం మ్మే, ఫోనైనా చేయకుండా వస్తివి? బొరుగులు నానబోద్దునే!”

నేను అట్ట తీసి ఇచ్చాను. నేతింటి బిడ్డ కదా, కిటికీ వైపు తిప్పి వెలుగుకు ఎత్తి చూసింది. “ఇది హంసది. కన్ను. యాడ దొరికె నీకు?”

చెప్పాను. మొదలుపెట్టినప్పుడూ ముగించినప్పుడూ గోడ గడియారం చూశాను, అది నా జబ్బు. పదకొండు నిమిషాలు పట్టింది. నలభై ఒక్క సంవత్సరాలు దాచిన మాట పదకొండు నిమిషాలది. ఆ మధ్యలో కండె నిండి దారం పక్కకు పొంగిపోతున్నా అక్క చూడలేదు. తరువాత మోటారు ఆపింది.

“ఇన్నేండ్లు నోరు యాడ పెట్టుకున్న్యావు?”

నేను పక్కకు పొంగిన దారాన్ని వేళ్ళతో సర్దసాగాను.

“నా పెండ్లికి ఆ హంసల చీరే నేయమని మూడుసార్లు అడిగితి నాయన్ను. మూడుసార్లు. ‘నా కండ్లు మంచివి కావమ్మా, నీకు గుడ్డి పక్షులు కట్టియ్యలేను’ అనె. పక్క ఈది వాళ్ళ మగ్గం మీద నేయించి తెచ్చె. మామిడిపిందెల చీర. బాగుండె. బాగలేదని ఎట్ల అనేది? కానీ మా నాయన చేతిది కాదు. ఊర్లో అందరికీ నేసినోడు నాకు నేయల్యా.”

ఆ పెళ్ళికి నేను వెళ్ళాను. ఆ చీరను చూసి బాగుందని కూడా అన్నాను.

“క్షమించక్కా.”

“నన్ను యాల అడుగుతావు? అడగాల్సినోడు పాయె.” కొంగుతో ముఖం తుడుచుకొని లోపలికి వెళ్ళింది. నేను వెళ్ళిపోవడానికి లేచాను. గిన్నెలో బొరుగులు నానబోస్తున్న చప్పుడు విని మళ్ళీ కూర్చున్నాను. ఉగ్గాని పళ్ళెం నా ముందు కాస్త గట్టిగానే పెట్టి, అక్క మళ్ళీ మోటారు దగ్గర కూర్చుంది.

“ఆ పుస్తకం తెచ్చినావా?”

“తెచ్చినా.”

“నాయన నన్నూ అడిగె, గడప కాడ ఆమె పోయెనా, నిల్చెనా అని. నాకేం తెలుసు? చివర్లో మంచం మీద ఉన్నప్పుడు కూడా ఒగసారి అడిగె. సదువు. ఆన్నుంచే.”

నూట పద్దెనిమిదో పేజీ తీశాను. ఆమె గడప దగ్గర నిలబడి ఉంది. అరపేజీ చదివాక, నలభై ఒక్క ఏళ్ళ కిందటి తొందర ఎక్కడ దాగి ఉందో గాని, నా కళ్ళు ఒక పేరాను దాటి మాటలు మొదలైన చోటికి దూకాయి.

“మధ్యలో ఏదో వదిలినావు.”

“ఏంలేదక్కా. ఇంటి సంగతులు. వంటింట్లో ఏమేమి ఉండాయో రాసినారు.”

“అదే సదువు. మా నాయన అయితే అదే రెండుసార్లు సదివిచ్చేవాడు.”

వెనక్కి వెళ్ళి చదివాను. ఉట్టి, చేట, మసిబారిన గోడ, అలికిన పొయ్యి మీద ఆరని ముగ్గు. రెండుసార్లు చదివాను.

ఆ సాయంత్రం రైలులో వేసిన లెక్క ఇది. పోయినవి: పెదనాయన చేతి హంసలు, పంతొమ్మిదేళ్ళు. తన కళ్ళ మీద ఆయనకున్న నమ్మకం, బతికినంత కాలం. లక్ష్మీదేవక్క పెళ్ళిచీర, ఒకటి. చెప్పడానికి ఉన్న తరుణాలు, నాకు గుర్తున్నంతవరకు మూడు. మిగిలినవి: ఆ గదిలో విన్నవీ చదివినవీ అరవై ఆరు నవలలు. అరవై మూడో అట్ట, అది ఇప్పుడు అక్క దగ్గర ఉంది, తిరిగి ఇవ్వలేదు, నేను అడగలేదు. పుస్తకంలో చదివింది నూట ముప్పై ఒకటో పేజీ దాకా. ఆమె ఇంకా గడప దాటలేదు. నోటుబుక్కులో ముప్పై ఎనిమిదో వరుస, తేదీ దగ్గర, ఖాళీ.